గళ్ళ కాగితం

మా నారాయణపురం వైపు ఊళ్ళలో కంప్యూటర్ అనే మాట వినపడక ముందే గళ్ళ కాగితం ఉండేది. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే రోడ్డు మీద చౌటుప్పల్‌లో దిగి లోపలికి పోతే నారాయణపురం, పుట్టపాక. ఇంకో పక్కకి తిరిగితే పోచంపల్లి. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఇవన్నీ యాదాద్రి భువనగిరిలోకి పోయాయి కానీ, మా తరంవాళ్ళని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నల్గొండ జిల్లా అనే చెప్తాం. ఈ ఊళ్ళలో పద్మశాలీల ఇంటికి ఎవరింటికి పోయినా పిల్లల నోటుపుస్తకాల పక్కనే చీరల డిజైన్లు గీసిన గళ్ళ కాగితాలు కనపడేవి. నాయిన సాయంత్రం మగ్గం దిగినాక గోడకి ఆనుకొని కూర్చుని, పెన్సిలుతో ఒక్కొక్క గడి నింపుకుంటూ పోయేవాడు. నింపిన గడి అంటే అక్కడ పోగుని కట్టాలి, రంగు అంటకూడదు. ఖాళీ గడి అంటే వదిలేయాలి, రంగు తాగనీయాలి. అంతే. ఏనుగులు, చిలకలు, రుద్రాక్షలు, కలశాలు ఏవి చీర మీదికి రావాలన్నా ముందు ఈ రెండింటిలోకి దిగి రావాల్సిందే.

సాఫ్ట్‌వేర్ పనిలో పడి చాలా ఏళ్ళయింది నాకు. ఎంత పెద్ద సిస్టం తీసుకున్నా, అడుగుదాకా పోతే అక్కడ ఉండేవి కూడా ఆ రెండే. ఒకటి, సున్నా. ఉంది, లేదు. ఈ పోలిక నేను కొత్తగా తెచ్చి అతికించింది కాదు. కంప్యూటర్ చరిత్ర చదివితే అది మగ్గం గుంటలోంచే లేచి వచ్చినట్టు కనపడుతుంది. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు మా ఇంట్లో పని ఎట్లా జరిగేదో చెప్పాలి, ఎందుకంటే చీర కట్టుకునేవాళ్ళలో చాలామందికి ఇది తెలియదు.

పోచంపల్లి చీర మీది బొమ్మని నేసేటప్పుడు వేయరు. నేయకముందే పోగు మీద వేస్తారు. పేక పోగుని, అంటే అడ్డపోగుని, ఆసు అనే చట్రం మీద పోసి, కట్టలు కట్టలుగా విడదీసి, గళ్ళ కాగితం ముందు పెట్టుకుని గుర్తులు పెడతారు. ఒక అడ్డవరస గళ్ళకి ఒక కట్ట. ఆ గుర్తుల దగ్గర సైకిల్ ట్యూబు సన్నగా కోసిన రబ్బరు ముక్కలతో బిగించి చుడతారు. దాన్నే మేము చిటికీ కట్టడం అంటాం. తెల్లగా ఉండాల్సిన చోటు కట్టి పసుపురంగులో ముంచుతారు. పసుపుగా మిగలాల్సిన చోటు కట్టి ఎరుపులో ముంచుతారు. ఎరుపుగా మిగలాల్సిన చోటు కట్టి నలుపులో ముంచుతారు. లేత రంగు నుంచి ముదురు రంగుకి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియాలంటే చివరికి ఎట్లా ఉండాలో ముందే మనసులో కనపడాలి. మా చిన్నమ్మకి కాగితం కూడా అక్కర్లేదు, నాలుగు రంగుల డిజైన్‌ని వెనక నుంచి ముందుకి తలలోనే విప్పుకుంటుంది. తను ఐదో తరగతితో చదువు ఆపేసింది.

రంగు అద్ది ఎండినాక ఆ పోగుని కండెలకి చుడతారు. ఆ కండెలని వరస తప్పకుండా ఒక దారానికి గుచ్చి పెడతారు. నేసేటప్పుడు మొదటి కండె అయిపోయినాక రెండోది, రెండోది అయిపోయినాక మూడోది నాడెలో పెట్టాలి. మధ్యలో పిల్లలెవరైనా ఆ దారం లాగి ఒక్క కండె అటూ ఇటూ చేశారా, చిలక మెడ ఒక చోట, ముక్కు ఇంకో చోట వస్తాయి. పుట్టపాక తేలియా రుమాలు అయితే ఇంకా కష్టం. అందులో నిలువు పోగైన పడుగుకీ, పేకకీ రెండిటికీ చిటికీ కడతారు. ఆముదం కాయల బూడిద కలిపిన నీళ్ళలో, నూనెలో నూలుని నానబెట్టి ఆరబెట్టి తయారుచేసే ఆ బట్టకి 2020లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నిలువు పోగులోని ఎరుపు మీదికి అడ్డపోగులోని ఎరుపు సరిగ్గా వచ్చి కూర్చోవాలి. నాలుగు పోగులు నేయడం, ఆగడం, వేలితో సర్దడం, మళ్ళీ నేయడం. పెద్దవాళ్ళు నేసేటప్పుడు పక్కన కూర్చుని చూస్తే, వాళ్ళు పోగులని లెక్కపెడుతున్నట్టు అనిపించదు కానీ లెక్క ఎక్కడా తప్పదు.

ఇదంతా చెప్పుకోవడానికి ముచ్చటగా ఉంటుంది. ఆసు పని మాత్రం అట్లా ఉండేది కాదు.

ఆసు అంటే ఒక కొయ్య చట్రం. ఒక కొసన ఒక చీల, ఎదురుగా సగం చక్రం ఆకారంలో చీలల వరస. పోగుని ఇక్కడి చీల చుట్టూ తిప్పి, అక్కడి చీలకి తగిలించి, మళ్ళీ ఇక్కడికి తెచ్చి, మళ్ళీ పక్క చీలకి. ఇది ఆడవాళ్ళ పని. ఒక చీరకి చెయ్యి దాదాపు 9 వేల సార్లు అట్లా తిరగాలి. రోజుకి రెండు చీరలు పోస్తే 18 వేల సార్లు. ఒక చీరకి నాలుగైదు గంటలు పట్టేది. పోగు సన్నది, బల్బు వెలుతురు గుడ్డిది, కన్ను పక్కకి తిప్పితే లెక్క పోతుంది. మా అమ్మ కుడి భుజం ఎప్పుడూ కొంచెం కిందికి దిగి ఉండేది. పొద్దున తల దువ్వుకోవడానికి ఆ చెయ్యి పైకి లేచేది కాదు, ఎడమ చేత్తో దువ్వుకునేది. నాకు జడ వేసే పని మా నాయనమ్మది. ఊళ్ళో ఆర్‌ఎంపీ సూది వేసినప్పుడు రెండు రోజులు తగ్గేది, మళ్ళీ మామూలే. మా వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ కాబట్టి కొందరు ఆ నొప్పి నీళ్ళ వల్లే అనేవాళ్ళు. రెండూ కలిసి ఉండొచ్చు. కానీ వాడలో ఆసు పోసే ప్రతి ఆడమనిషికీ అదే భుజం, అదే చోట నొప్పి ఉండేది.

ఎనిమిదో తరగతి సెలవుల్లో నేను కూడా ఆసు ముందు కూర్చున్నాను. అమ్మ కొన్నాళ్ళు చూసి, "నువ్వు చదువుకో బిడ్డా, గీ చెయ్యి నీకొద్దు" అంది. ఆ మాట తర్వాత నన్ను మళ్ళీ కూర్చోనివ్వలేదు. నా వాటా పోగు కూడా తనే పోసింది.

అట్లా నల్గొండ వచ్చాను. ఎన్జీ కాలేజీలో డిగ్రీ, సాయంత్రం క్లాక్ టవర్ దగ్గర ఒక కంప్యూటర్ సెంటర్. 90ల చివర ఆ సెంటర్లు ఎట్లా ఉండేవో ఆ రోజుల్లో చదివినవాళ్ళకి గుర్తుంటుంది. చెప్పులు బయట విడవాలి. ఏసీ గది మనుషుల కోసం కాదు, మెషిన్ల కోసం. కరెంటు పోతే యూపీఎస్ కుయ్‌మనేది, అందరం గబగబా సేవ్ చేసుకునేవాళ్ళం. జేబులో 1.44 ఎంబీ ఫ్లాపీ ఉంటే అదొక హోదా. డాస్, లోటస్, ఫాక్స్‌ప్రో అయ్యాక కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష మొదలైంది. 2000 సంవత్సరం దగ్గర పడుతోంది, కోబాల్ వస్తే చాలు ఉద్యోగం అనేవాళ్ళు.

కోబాల్‌లో లైను ఎక్కడ పడితే అక్కడ మొదలుపెట్టడానికి వీల్లేదు. మొదటి 6 గళ్ళు వరస సంఖ్యకి. 7వ గడి ప్రత్యేక గుర్తుకి. ప్రోగ్రాం 8 నుంచి 72 వరకే. 73 నుంచి 80 వరకు ఏం రాసినా కంప్యూటర్ పట్టించుకోదు. ఎందుకు సార్ అని ఎవరో అడిగితే, పాత రోజుల్లో ప్రోగ్రాముని అట్ట కార్డుల మీద చిల్లులు పొడిచి ఇచ్చేవాళ్ళు, కార్డుకి 80 నిలువు వరసలు ఉండేవి, ఆ కొలతే ఇప్పటికీ నడుస్తోంది అన్నారు సార్. బోర్డు మీద కార్డు బొమ్మ కూడా గీశారు. పొడుగాటి అట్ట, దాని మీద వరసగా చిల్లులు.

అది నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న అట్ట. మా నాయిన మగ్గం మీద అంచు కోసం జకార్డు ఉండేది. పైన వేలాడే అట్టల దండ, ఒక్కో తొక్కుకి ఒక్కో అట్ట ముందుకి జరిగేది. చిల్లు ఉన్న చోట సూది దూరిపోతుంది, ఆ పోగు పైకి లేస్తుంది. చిల్లు లేకపోతే లేవదు. ఆ రోజు క్లాసులో నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. వచ్చే ఆదివారం ఊరికి పోయి నాయినకి చెప్పాను. ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. "లెక్క ఏడికి పోతది బిడ్డా, లెక్క లెక్కనే" అన్నాడు.

తర్వాత చదువుకుంటే తీగ మొత్తం దొరికింది. ఫ్రాన్స్‌లో లియాన్ పట్టు నేతకి పేరు. అంతకుముందు పెద్ద మగ్గాల మీద డిజైన్ రావాలంటే తాళ్ళు లాగడానికి ఒక మనిషి ఉండాలి, చాలాసార్లు అది పిల్లల పని. జోసెఫ్ మారీ జకార్డ్ 1804 నాటికి ఆ తాళ్ళ పనిని చిల్లుల అట్టలకి అప్పజెప్పాడు. ఇంగ్లండ్‌లో చార్లెస్ బాబేజ్ 1830లలో ఒక లెక్కల యంత్రం ఊహించినప్పుడు, దానికి ఆదేశాలు ఇవ్వడానికి ఎంచుకున్నది జకార్డు అట్టలనే. జకార్డ్ ముఖాన్ని పట్టులో నేసిన బొమ్మ ఒకటి బాబేజ్ దగ్గర ఉండేది. దాన్ని నేయడానికి 24 వేల అట్టలు పట్టాయట, చూసినవాళ్ళు అచ్చువేసిన బొమ్మ అనుకునేవాళ్ళట. 1843లో అడా లవ్‌లేస్ ఆ యంత్రం గురించి రాస్తూ, జకార్డు మగ్గం పూలనీ ఆకులనీ నేసినట్టు ఇది బీజగణితాన్ని నేస్తుంది అంది. బాబేజ్ యంత్రం పూర్తి కాలేదు. కానీ 1890 అమెరికా జనాభా లెక్కలకి హోలరిత్ చిల్లుల కార్డులు వాడాడు, ఆయన కంపెనీ తర్వాత ఇంకొన్నిటితో కలిసి ఐబీఎం అయింది, ఐబీఎం 1928లో 80 వరసల కార్డు తెచ్చింది, ఆ కార్డు కొలతే నల్గొండలో మా బోర్డు మీదికి వచ్చింది.

నన్ను ఇప్పటికీ వదలని సంగతి ఒకటి ఇక్కడ ఉంది. మా నాయినకి ఆ అట్టల సంగతి తెలుసు. మా చిన్నమ్మకి నాలుగు రంగులని వెనక నుంచి ముందుకి విప్పడం తెలుసు. నాకు నల్గొండలో నేర్పించింది ఆ లెక్కలో ఒక చిన్న ముక్క. ఆ ముక్కకి సర్టిఫికెట్ ఉంది, హైదరాబాద్‌లో జీతం ఉంది, పెళ్ళి సంబంధాల్లో విలువ ఉంది. పోగు మీద ఉన్నంతవరకు అది కులవృత్తి. తెర మీదికి రాగానే అది తెలివి. మా వాడ నుంచి షోలాపూర్‌కీ భివండీకీ సూరత్‌కీ పవర్‌లూమ్‌ల మీద పనికి పోయినవాళ్ళు ఎంతమందో. వాళ్ళని ఎవరూ టెక్నాలజీ తెలిసిన మనుషులు అనలేదు. చేత్తో చేసేదాన్ని చదువుగా లెక్కకట్టకపోవడం మన సమాజం చాలా పాతకాలం నుంచి చేస్తున్న అన్యాయం. కంప్యూటర్ వచ్చాక అది పోలేదు, ఇంకా గట్టిపడింది.

అమీర్‌పేటలో కొన్నాళ్ళు, తర్వాత ఉద్యోగం. 2000 సమస్య అంటే ఏంటో అమ్మకి చెప్పాల్సి వచ్చింది. గళ్ళు మిగల్చడానికి సంవత్సరాన్ని నాలుగు అంకెలు కాకుండా రెండు అంకెలే రాశారమ్మా, ఇప్పుడు 99 తర్వాత 00 వస్తే కంప్యూటర్ 1900 అనుకుంటుంది, అవన్నీ వెతికి సరిచేస్తున్నాం అన్నాను. "అంటే గళ్ళ కాగితం పనే గదా" అంది. అవును, అదే. ఆ పని గురించి ఇంతకంటే చెప్పేది లేదు.

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేశారన్న కబురు మా వాడకి ఎప్పుడు చేరిందో సరిగ్గా గుర్తులేదు. వాళ్ళ అమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూసి 1992లో మొదలుపెట్టారు. చేతిలో డబ్బు లేదు, బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది, చుట్టూ నవ్వేవాళ్ళు ఉన్నారు. 1999లో యంత్రం పూర్తిగా పనిచేసింది. దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని తల్లి పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకి వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. నా వరకు ఈ వందేళ్ళలో మన జిల్లా లోకానికి ఇచ్చినవాటిలో ఇది అన్నిటికంటే పెద్దది. చాలామంది దీన్ని పేదవాడి విజయం కథలాగా చెప్తారు. నేను ఒక ఇంజనీరుగా చూస్తే నాకు కనపడేది వేరు. ఆయన ఏ పనిని యంత్రానికి ఇచ్చారు, ఏ పనిని ఇవ్వలేదు అన్నది చూడండి. చెయ్యి 9 వేల సార్లు తిరగడం ఇచ్చారు. గళ్ళ కాగితం ఇవ్వలేదు. చిటికీ ఇవ్వలేదు. రంగు ఎంతసేపు తాగనీయాలన్న అంచనా ఇవ్వలేదు. నొప్పి యంత్రానికి పోయింది, లెక్క మనిషి దగ్గరే ఉండిపోయింది.

ఇది అనుకోకుండా జరిగింది కాదు. ఆసు పక్కన కూర్చుని పెరిగినవాడికే ఏది బాధ, ఏది పనితనం అన్నది వేరుచేయడం తెలుస్తుంది. బయటి నుంచి వచ్చినవాడికి రెండూ ఒకటే ఖర్చుగా కనపడతాయి.

ఇదే జిల్లా పేరుతో ఇంకో టెక్నాలజీ ఉంది, నల్గొండ టెక్నిక్. నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి. నాగ్‌పూర్‌లో ఉన్న పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు 1970లలో తయారుచేశారు. టాంజానియా, ఇథియోపియా, కెన్యాల దాకా మన జిల్లా పేరు పోయింది. మంచి పద్ధతే, చవకైనదే. కానీ రోజూ నీళ్ళు చూసి ఎంత పటిక వేయాలో కొలిచి, అడుగున చేరిన బురద తీసి పారేసే మనిషి ఉండాలి. ఆ మనిషి జీతం ఎవరు ఇస్తారన్నది సూత్రంలో ఉండదు. మా చిన్నప్పుడు ఆ పేరు మేము పుస్తకంలో చదువుకున్నాం, తాగింది మాత్రం బోరు నీళ్ళే.

ఆసు యంత్రం వచ్చాక అంతా బాగైపోయిందని చెప్పను. వాడలో ఇంకొకరి ఇళ్ళకి ఆసు పోసి కూలి తెచ్చుకునే ముసలమ్మలు ఉండేవాళ్ళు, ఎక్కువగా భర్త పోయినవాళ్ళు. యంత్రం ఉన్న ఇంటికి పని పోయింది, వాళ్ళకి తగ్గింది. వాళ్ళలో ఒకామె మా ఇంటికి వచ్చి మౌనంగా కూర్చుని పోయేది. అమ్మ ఆమెకి కండెలు చుట్టే పని చూపించింది. వాడలో ఎవరికి వాళ్ళు అట్లా కొంత సర్దుకున్నారు. ఇట్లాంటివి సర్దాల్సిన బాధ్యత యంత్రం చేసినవాడిది కాదు, మనందరిది. సంఘాలు ఉన్నాయి, ప్రభుత్వం ఉంది. ఎవరి నొప్పి తీరిందో వాళ్ళ లాభంలోంచి, ఎవరి కూలి పోయిందో వాళ్ళకి కొంత చేరే దారి ముందే వేసి ఉండాల్సింది. అయినా ఎవరైనా నన్ను ఆ యంత్రం రావాల్సిందా వద్దా అని అడిగితే నాకు ఆలోచించే పనే లేదు. మా అమ్మ మళ్ళీ కుడి చేత్తో తల దువ్వుకుంది.

ఈ మధ్య వస్తున్నవాటిని చూస్తుంటే దిగులు అందుకే. బొమ్మ ఎట్లా ఉండాలో చెప్తే ఏఐ క్షణంలో పోచంపల్లి డిజైన్ గీసి ఇస్తోంది. మా తమ్ముడు వరసయ్యే అబ్బాయి ఒకటి తీయించి చిన్నమ్మకి ఫోన్‌లో చూపించాడు. చూడటానికి బాగుంది. చిన్నమ్మ ఫోన్ దగ్గరికి తెచ్చుకుని, వేళ్ళతో పెద్దది చేసి, చాలాసేపు చూసి, "దీనికి గళ్ళు లేవు గదరా" అంది. నిజమే. ఎడమ చిలకకి ఒక లెక్క, కుడి చిలకకి ఒక లెక్క. కట్టడానికి రాదు. అంచుల దగ్గర మసక మాత్రం చక్కగా పెట్టింది. మా చీరల్లో బొమ్మ అంచు మసకగా ఉండటానికి కారణం ఉంది. రబ్బరు ముక్క కిందికి రంగు కొద్దిగా పాకుతుంది, నేసేటప్పుడు పోగు వెంట్రుకంత జరుగుతుంది. ఆ మసక చేతి పని గుర్తు. కారణం లేని మసకని ఆ బొమ్మ నేర్చుకుంది. ప్రింటు చీరలవాళ్ళు దీన్ని ఎప్పుడో పట్టుకున్నారు. పోచంపల్లి ఇక్కత్‌కి జీఐ వచ్చి రెండు దశాబ్దాలు దాటినా, మన సిటీ షాపుల్లోనే మిల్లు బట్ట మీద ఆ మసకని కూడా ప్రింటు వేసి అమ్ముతున్నారు. కొనేటప్పుడు చీర తిరగేసి చూడండి. చిటికీ కట్టిన చీర రెండు పక్కలా ఒకే రంగుతో ఉంటుంది. ప్రింటుది వెనక వెలిసినట్టు ఉంటుంది.

ఏఐ రేపో మాపో గళ్ళ లెక్క కూడా నేర్చుకుంటుంది, అందులో నాకు అనుమానం లేదు. నా భయం అది నేర్చుకోదని కాదు. మల్లేశం గారు చేసినదానికి తలకిందులుగా జరుగుతోందని. లెక్క, ఊహ, ఏ రంగు పక్కన ఏ రంగు అన్న ముచ్చట, వీటిని యంత్రం తీసుకుంటోంది. ముంచడం, పిండటం, వంగి కూర్చోవడం మనిషికి మిగులుతోంది. మా ఊరి పిల్లలు హైదరాబాద్‌లో బండ్ల మీద పార్సిళ్ళు వేస్తున్నారు. ఏ సందులోంచి పోవాలో ఫోన్ చెప్తుంది, ఎన్ని నిమిషాల్లో పోవాలో ఫోన్ చెప్తుంది, ఈ రోజు ఎంత వస్తుందో కూడా ఫోనే చెప్తుంది. ఎండ మాత్రం వాళ్ళది, నడుమునొప్పి వాళ్ళది. ఆ యాప్ రాసేవాళ్ళలో నాలాంటివాళ్ళు ఉన్నారు, మంచివాళ్ళే, తెలివైనవాళ్ళే. ఒక్క రోజు కూడా ఆ బండి వెనక కూర్చోలేదు, అంతే. ఏ పని తీసేయాలి, ఏ పని ఉంచాలి అన్నది రాసేటప్పుడే నిర్ణయమైపోతుంది. బండి నడిపే పిల్లవాడు ఆ గదిలో లేకపోతే అతని నడుం ఎవరికి గుర్తొస్తుంది?

పోయిన ఎండాకాలం నుంచి తమ్ముడూ నేనూ కలిసి చిన్నమ్మ కోసం ఒక చిన్న ప్రోగ్రాం రాస్తున్నాం. గళ్ళ కాగితం ఫోటో తీస్తే గళ్ళని గుర్తుపట్టి, ఏ రంగుకి ఏ కట్టలో ఎక్కడెక్కడ చిటికీ కట్టాలో వరసగా ఇస్తుంది. చిన్నమ్మకి చూపు తగ్గింది, తలలో డిజైన్ ఉంది కానీ కాగితం మీది చిన్న గళ్ళు కలిసిపోతున్నాయి. మేము తెర మీద రంగురంగుల పట్టిక చేసి పట్టుకుపోయాం. చిన్నమ్మ చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి, తడి చేత్తో ఫోన్ ముట్టుకోలేదు. "గది నాకు చూపియ్యకు, చెప్పు. నేను ఇంటా" అంది. పట్టిక తీసేశాం. ఇప్పుడది తెలుగులో చదువుతుంది: మూడో కట్ట, ఎడమ నుంచి నాలుగు వదులు, రెండు కట్టు. మొదట్లో తొందర తొందరగా చదివేది. నెమ్మదిగా చదవమంది. ఆమె కట్టి "ఊ" అన్నాకనే తర్వాతిది చదివేటట్టు చేశాం. గళ్ళు నింపేది, రంగులు ఎంచేది మాత్రం తనే. అందులో వేలు పెట్టొద్దని మొదటి రోజే చెప్పింది.

ఒక్క పని మిగిలింది. "ఎనక్కి పో" అంటే ఒక్క వరసే వెనక్కి పోతోంది. చిన్నమ్మకి కట్ట మొదటికి పోవాలి, ఎందుకంటే అనుమానం వస్తే తను కట్టనంతా మొదటి నుంచి వేళ్ళతో తడిమి చూసుకుంటుంది. బతుకమ్మకి ఊరికి పోయే లోపల అది సరిచేయాలి.